అడుగుకి పన్నెండు

తవుడు మేస్త్రీ అంతారు నన్ను.
ముప్పయ్యేల్లుగా ఈ ఊరికి మెట్లు కడతన్నాను.
విశాపట్నమంటే ఏటి, కొండలే గదా.
కంచరపాలెం కొండ, కైలాసపురం కొండ,
మీదకెక్కిన ఇల్లల్లా నా తాపీ గీత సూసిందే.
మెట్టుకి ఆరంగులాలు.
నిద్దట్లో లేపి అడిగినా సెప్తాను.

వాలు మాత్రం ఎవులూ అడగనేదు,
స్కూటరు లోపలెట్టుకోడానికి తప్ప.

అక్కయ్యపాలెం రోడ్డు మీద
సెల్లు రిపేరు కొట్టు అద్దెకి తీసుకుంది నూకరత్నం.
కొట్టుకి మూడు మెట్లు.
హుద్‌హుద్ గాలివాన ఎల్లిపోయిన ఏడు
ఆ మూడూ నానే కట్టేను.
ఆ పిల్ల సెక్రాల కుర్చీ వాటి కిందే ఆపి
టేపుతో కొలస్తంది.

కొట్టు ఓనరు మంచోడే.
"ఇద్దరు కుర్రోల్లని పెడతానమ్మా,
పొద్దున్న ఎత్తి లోపలెడతారు, సాయంత్రం దించుతారు.
ఎందుకొచ్చిన ఖర్సు?"
నూకరత్నం టేపు సుట్టుకుంటా అడిగింది:
"మజ్జిలో నాకు టీ తాగాలనిపిస్తే?"
ఆయన నవ్వేడు.
ఆమె నవ్వనేదు.
"ఎత్తినోడు దించేదాకా నాను సరుకునండి."

నాకేసి తిరిగి,
"అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడుగు. రాసుకో మేస్త్రీ."
అడుగున్నర ఎత్తు. పద్దెనిమిదడుగులు కావాల.
కొట్టు ముందర ఉన్నాది ఏడు.
నాను తెలివైనోన్ని గదా,
ఆ ఏడులోనే లాగించేసేను. ఆమెకి సెప్పనేదు.

సిమెంటు ఆరేక ఎక్కబోయింది.
సగంలో కుర్చీ ఎనక్కి జారింది.
నా సేతులు వాటికవే ఎల్లిపోయేయి.
"ఒదులు," అంది.
అరవనేదు. బేరం తెంపేసినట్టు అంది.
బ్రేకేసింది. ఆగింది.
అంగులం అంగులం దిగింది, తనే.
"ఇది పిల్లల జారుడుబల్ల. పగలగొట్టు."

మునిసిపాల్టీవోల్లు కాకుండా
నా పని నాసేతే పగలగొట్టించింది ఆ పిల్లొక్కతే.
ఆ రాత్రి అన్నం సయించనేదు.

రెండోసారి పక్క సందులోంచి తెచ్చేను.
తొమ్మిదడుగులు, కుర్చీ తిరిగే జాగా, మల్లీ తొమ్మిది.
వానకి జారకుండా గరుకు. రెండేపులా పైపు.
మలుపు కాడ రసమట్టం తనే పెట్టి
బుడగ నడిమికొచ్చేదాకా ఒప్పుకోనేదు.

సోమవారం పొద్దున్న ఎక్కిందంట.
నాను సూడనేదు.
ఎదర టీకొట్లో సిల్లర లెక్కెట్టుకుంటన్నాను.
తలెత్తేసరికి షట్టరు లేచుంది.
దండల్లేవు, సప్పట్లు లేవు.
ఎవులిదో సెల్లు ఇప్పదీసుంది,
ఆమె తల దాని మీదకి ఒంగుంది. అంతే.

తరవాత్తరవాత సూసేను.
గ్యాసు కుర్రోడు బండని వాలు మీంచే దొర్లించేడు.
మోకాల్లు పట్టేసిన లెక్కల మాస్టారు
మెట్లకేసి సూడకుండా పైపు పట్టుకెక్కేడు.
ఓ రోజు ఎవుడో బుల్లెట్టు బండి అడ్డంగా ఎట్టి పోయేడు.
నాను తొయ్యబోతే, "ఉండు, ఆడే తియ్యాల," అంది.
కుర్చీకున్న సైకిలు గంట కొడతానే ఉంది,
ముప్పావుగంట.
వొచ్చేడు. "సారీ అక్కా, సూసుకోనేదు."
"అక్క సంగతి సరే. బండి తియ్యి."

అప్పటినించీ నా కల్లు పాడయ్యేయి.
బస్సు ఫుట్‌బోర్డు కొలస్తాయి.
బేంకుకి అయిదు, ఏటీఎంకి రెండు,
పెల్లి మంటపానికి పదకొండు.
ఆ పదకొండూ నావే.
కడతన్నప్పుడు పాటలు కూడా పాడుకున్నాను.

మొన్న నూకరత్నం అడిగింది:
"ఇంత సముద్రం ఎట్టుకుని, మేస్త్రీ,
రోడ్డు మీంచే సూడ్డమేనా?
సెక్రాలు తడిసేదాకా ఎల్లాలనుంది నాకు."
ఎత్తుకెల్తానని నోటిదాకా వొచ్చింది.
మింగేసేను.

ఇసకలో వాలు ఎలాగ నిలబడతాదో
రాత్రంతా లెక్కేసేను.
అడుగుకి పన్నెండు, సరే.
ఆటుకీ పోటుకీ ఎంత ఒదలాలో
నాకు తెలీదు.
తెల్లారేక ఆమెనే అడగాల.